ఐదు పౌండ్ల అసమానత

పదేళ్ళ పైమాటే. డిగ్రీ రెండో సంవత్సరం గణితం పరీక్ష రోజు. మా సబ్జెక్టు పరీక్షకి మేము ఇన్విజిలేషన్ చెయ్యకూడదు కాబట్టి స్టాఫ్ రూములో కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. పరీక్ష మొదలై పావుగంట కాలేదు, చీఫ్ సూపరింటెండెంట్ అటెండర్‌ని పంపించారు. వెళ్ళాను. ఆయన చేతిలో ప్రశ్నపత్రం. "ఏంటి మాస్టారూ, పిల్లలు పౌండ్లంటున్నారు?"

చూశాను. మూడో ప్రశ్నలో, పైన ఇంగ్లీషులోనూ కింద తెలుగులోనూ, 'ఎక్స్ £ 5 అయినప్పుడు' అని ఉంది. కాస్త కిందికి వస్తే ఒక సమాకలనం, సున్నా నుంచి ¥ దాకా. బ్రిటిషు వాళ్ళ పౌండ్లు అయిపోయి జపాను వాళ్ళ యెన్‌లు వచ్చాయన్నమాట. నాకు నవ్వొచ్చిన మాట నిజం. అది ఒక్క క్షణమే. యూనివర్సిటీ నుంచి ఉత్తర్వు రానిదే ప్రశ్నపత్రంలో అక్షరం మార్చి చెప్పడానికి వీల్లేదు. ఫోన్లు తిరిగి, ఎవరో దొరికి, ఎవరో ఒప్పుకునేసరికి నలభై నిమిషాలు. ఈలోగా ఆ ప్రశ్న వదిలేసి ముందుకు వెళ్ళిపోయినవాళ్ళు మా ఒక్క సెంటర్లోనే పదకొండు మంది. అందరూ తెలుగు మీడియం పిల్లలే. అర్థంకాని గుర్తు కనబడితే అచ్చుతప్పేమో అని వాళ్ళకి అనుమానం రాదు, తమకి రాని పాఠమేదో ఉందనుకుంటారు. అలా అనుకోవడం వాళ్ళకి మేమే నేర్పాం.

ఇది ఎలా జరిగిందో చెప్పడం తేలికే. సింబల్ అని ఒక ఫాంట్ ఉంది. మామూలు ఫాంట్‌లో పౌండు గుర్తు ఉండే గదిలో అది ≤ బొమ్మని పెట్టింది. యెన్ గదిలో అనంతం. ఇంగ్లీషు 'పి' గదిలో గ్రీకు పై, 'క్యూ' గదిలో తీటా. ఆ ఫాంట్ తగిలించి ఉన్నంతసేపూ తెరమీద అంతా సవ్యంగానే కనబడుతుంది. ఫైలు ఇంకో కంప్యూటర్‌కి వెళ్ళి, అక్కడ ఎవరో మొత్తం సెలెక్ట్ చేసి ఫాంట్ మార్చారనుకోండి, లేదా అక్కడ ఆ ఫాంట్ లేదనుకోండి, వేషం ఊడిపోతుంది. పై కాస్తా 'పి' అవుతుంది. అంటే ఆ ఫైలుకి 'ఎక్స్ విలువ ఐదుకి మించదు' అన్న సంగతి మొదటినుంచీ తెలియదు. దానికి తెలిసింది పౌండు గుర్తు, దాని మీద తొడిగిన చొక్కా.

ఆ ప్రశ్నపత్రం తయారు చేసిన పెద్దమనిషి చేత్తో చక్కగానే రాసి ఉంటారు. దాన్ని ఒక ఆపరేటర్ టైపు చేశాడు. ఇంకో చోట ఇంకొకాయన పేజీలు సర్దాడు. గణితం తెలిసినవాడు కాగితం మీద పెన్ను ఎత్తిన తర్వాత, పరీక్ష హాల్లో పిల్లవాడు దాన్ని చేతిలోకి తీసుకునేదాకా, మధ్యలో గణితం తెలిసిన కన్ను ఒక్కటి కూడా దాని మీద పడలేదు. తర్వాత జరిగిన మీటింగులో అందరూ ఆపరేటర్‌ని తిట్టారు. నేను మాత్రం "ప్రశ్న పెట్టేవాళ్ళమే లేటెక్ నేర్చుకుని, ఫైలు మనమే చేసి ఇస్తే ఈ గొడవ ఉండదు కదా" అన్నాను. ఒక సీనియర్ ప్రొఫెసర్ నన్ను జాలిగా చూసి, "గణితం చేసేవాళ్ళం మనం. టైపు కొట్టుకోవడం మన పనా?" అన్నారు. చాలామంది తలలూపారు.

ఈ వ్యాసం ఆ తలలూపినవాళ్ళ కోసం. ఆలస్యమైంది, క్షమించాలి.

మొదట నా సంగతి ఒప్పుకోవాలి. నేనూ ఒకప్పుడు తల ఊపే బాపతే. హైదరాబాదులో నా పిహెచ్‌డి థీసిస్‌ని క్యాంపస్ గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ సెంటర్లో ఇచ్చాను. మామూలు పేజీకి ఒక రేటు, 'ఈక్వేషన్ పేజీ'కి రెట్టింపు. ఆపరేటర్ చురుకైనవాడు, నాకంటే చిన్నవాడు, నాకంటే ఓపిక ఉన్నవాడు. "సార్, ఇది ఉల్టా మూడా, ఈ నా?" అని అడిగేవాడు ఎప్సిలాన్‌ని చూపించి. నేను పక్కన స్టూలు మీద కూర్చుని "ఉల్టా మూడే, కొంచెం చిన్నది" అనేవాణ్ణి. అలా నాలుగు వారాలు. ఆఖర్న మా గైడుగారు రెండో అధ్యాయంలో ఒక చిన్న ఉపసిద్ధాంతం చేర్చమన్నారు. చేర్చాం. దాంతో దాని తర్వాత ఉన్న ప్రతి సిద్ధాంతం నంబరూ ఒకటి పెరిగింది. ఆ నంబర్లని ప్రస్తావించిన ప్రతి వాక్యాన్నీ వెతికి వెతికి దిద్దాం. ఒకటి మిగిలిపోయింది. బయటి ఎగ్జామినర్ రిపోర్టులో మర్యాదగా ఒక వాక్యం రాశారు: 2.7వ సిద్ధాంతపు నిరూపణ 2.7వ సిద్ధాంతం మీద ఆధారపడుతున్నట్టుంది, పరిశీలించగలరు.

వైవాలో అందరూ నవ్వారు. మూడేళ్ళు చేసిన పని మీద నవ్వు.

నాకు లేటెక్ నేర్పింది నాతోపాటు రీసెర్చ్ చేసిన మలయాళీ అమ్మాయి. నాకు రాదంటే ఆమె నిజంగా నమ్మలేదు. వాళ్ళ ఊరు తిరువనంతపురం. టెక్ వాడేవాళ్ళ భారతీయ సంఘం పుట్టిన ఊరు అదే. ఆ సంఘం 2003లో తెచ్చిన ప్రైమర్‌ని ఆమె నాకు ప్రింటు తీసి ఇచ్చింది. 2002లో ప్రపంచవ్యాప్త టెక్ వాడుకరుల సమావేశం ఆ ఊళ్ళోనే జరిగింది. విదేశీ పత్రికల్లో వచ్చే గణిత, భౌతికశాస్త్ర వ్యాసాల్ని పేజీలకెక్కించే పని అక్కడా, చెన్నైలో, పాండిచ్చేరిలో ఏళ్ళ తరబడి వందలమందికి అన్నం పెట్టింది. మనవాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడెక్కడికో వెళ్ళారు గానీ ఈ వీధిలోకి ఎందుకో పెద్దగా రాలేదు.

నేర్చుకోవడం సుఖంగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మొదటి రోజు కనబడిన మొదటి మాట 'అన్‌డిఫైన్డ్ కంట్రోల్ సీక్వెన్స్'. రెండో మాట 'మిస్సింగ్ డాలర్ ఇన్‌సర్టెడ్'. లేటెక్‌లో వాక్యం మధ్య గణితం మొదలవుతోందని చెప్పడానికి ఒక డాలర్ గుర్తు, అయిపోయిందని చెప్పడానికి ఇంకో డాలర్ గుర్తు పెట్టాలి. ఒకటి మర్చిపోతే అక్కణ్ణుంచి తెలుగైనా ఇంగ్లీషైనా అంతా సూత్రమే అనుకుని ఖాళీలు మింగేసి ముద్ద చేసి పెడుతుంది. తప్పు పన్నెండో లైన్లో ఉంటే ఫిర్యాదు నలభయ్యో లైన్ దగ్గర చేస్తుంది. మొదటి వారంలో రెండుసార్లు మానేశాను.

ఎందుకు తిరిగి కూర్చున్నానంటే ఒక భిన్నం వల్ల. లేటెక్‌లో భిన్నం రాయాలంటే వెనక్కి వాలిన గీత ఒకటి పెట్టి 'ఫ్రాక్' అని రాసి, ఒక ఫ్లవర్ బ్రాకెట్లో లవం, ఇంకో ఫ్లవర్ బ్రాకెట్లో హారం రాయాలి. ఒక గీత గీసి పైనొకటి కిందొకటి పెట్టడం అన్న ఊసే లేదు. ఇది భిన్నం, ఇది దాని లవం, ఇది దాని హారం అని చెప్పాలి, అంతే. హారంలో వర్గమూలం, దానిలోపల ఇంకో భిన్నం ఉంటే, ఆ గూడు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో నేను తేల్చుకుంటే తప్ప బ్రాకెట్లు సరిపోవు. బ్లాకుబోర్డు మీద పదిహేనేళ్ళ అలవాటుతో గీకి పారేసిన ఒక సూత్రాన్ని అలా రాస్తున్నప్పుడు, ఒక ఘాతం దేనికి చెందుతుందో నాకే స్పష్టంగా తెలియదని బయటపడింది. బోర్డు మీద దాన్ని కొంచెం పైకి, కొంచెం పక్కకి రాసి గట్టెక్కుతూ వచ్చాను. అలాగే 'సిద్ధాంతం' అన్న మాటని లావు అక్షరాల్లో కొట్టడం వేరు, ఇక్కడ ఒక సిద్ధాంతం మొదలైంది, ఇక్కడ ముగిసింది, దీని పేరు ఫలానా అని చెప్పడం వేరు. పేరు పెట్టాక నంబరు సంగతి అదే చూసుకుంటుంది. మధ్యలో పది ఉపసిద్ధాంతాలు దూర్చినా 2.7 తన మీద తానే ఆధారపడదు.

పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పద్యంలో పైనా కిందా ఉండదు. లవమూ హారమూ ఏదైనా సరే ఒకదాని తర్వాత ఒకటిగా, మాటల్లో, చెవికి అందేలా చెప్పాలి. లేటెక్ ఫైలుని చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు. ఇది మరీ దూరపు పోలిక అనే మిత్రులున్నారు. అననివ్వండి.

'టైపు కొట్టడం మన పనా' అనేవాళ్ళకి చెప్పవలసిన కథ ఒకటుంది, చాలామందికి తెలిసిందే. 1977లో డొనాల్డ్ కనూత్‌కి తన ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్ రెండో సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు వచ్చాయి. మొదటి కూర్పుని సీసం అచ్చుతో, పాత పద్ధతిలో వేశారు. ఈసారి ఫొటో టైప్‌సెట్టింగ్. చూస్తే అక్షరాల తీరు ఆయనకి సహించలేదు. అప్పటికే కంప్యూటర్ శాస్త్రంలో ఆయన పెద్ద పేరు, చేతిలో ఏడు సంపుటాల ప్రణాళిక. మామూలుగా అయితే ప్రచురణకర్తకి ఒక ఘాటైన ఉత్తరం రాసి ఊరుకోవాలి. ఆయన పుస్తకం పక్కన పెట్టి అచ్చు సంగతి తానే తేల్చుకుంటానని కూర్చున్నాడు. ఏడాదిలో అయిపోతుందనుకున్న పని దాదాపు పదేళ్ళు పట్టింది. అదే టెక్. ప్రతి లైనునీ విడివిడిగా నింపుకుంటూ పోకుండా పేరా మొత్తాన్ని ఒకేసారి చూసి ఎక్కడ విరిస్తే బాగుంటుందో లెక్క కట్టే పద్ధతి అందులోదే. తప్పు పట్టుకున్నవాళ్ళకి 2.56 డాలర్ల చెక్కు పంపేవాడు. దాని వెర్షన్ నంబరు ప్రతి సవరణకీ పై విలువకి ఒక అంకె దగ్గరవుతుంది. ఆ తర్వాత లెస్లీ లాంపోర్ట్ దాని మీద కట్టిన ఇల్లే 80లలో వచ్చిన లేటెక్. ఆయనా గణితం చదువుకున్నవాడే. మొత్తం మీద ఈ 'టైపు కొట్టే పని'ని కనిపెట్టిన ఇద్దరికీ ట్యూరింగ్ అవార్డులున్నాయి. మా మీటింగులో తలలూపినవాళ్ళలో ఎవరికీ లేవు, నాతో కలిపి.

(చివరి అక్షరం గ్రీకు 'ఖీ' అనీ, 'టెఖ్' అని పలకాలనీ కనూత్ పట్టుదల. వర్ణమాలలో ఖ ఉండి కూడా మనం టెక్ అనే అంటాం. పోనీండి.)

అందం గురించి నేనిక్కడ మాట్లాడదల్చుకోలేదు. లేటెక్ భక్తులు ఎప్పుడూ అక్కణ్ణుంచే మొదలుపెడతారు: పేజీ ఎంత ముచ్చటగా ఉందో చూడండి, ఖాళీలు ఎంత సమంగా పడ్డాయో చూడండి అని. నిజమే, బాగానే ఉంటుంది. ఆ ముచ్చట వెనక ఎంత చెత్తయినా దాక్కోగలదు. తప్పు నిరూపణ లేటెక్‌లో ఒప్పు నిరూపణ అంత గంభీరంగానూ కనబడుతుంది. వర్డ్‌లో వచ్చిన వ్యాసాన్ని చదవకుండానే పక్కన పడేసే రిఫరీలని చూశాను. వాళ్ళ మీద నాకు గౌరవం లేదు. నాకు కావలసింది పేజీ కాదు, దాని వెనక ఉన్న ఫైలు. ఎందుకో చెబుతాను.

మూడేళ్ళ క్రితం మా కాలేజీలో బీఏ ఎకనామిక్స్‌లో ఒక అమ్మాయి చేరింది. పూర్తిగా చూపు లేదు. ఫోన్లో అక్షరాలు చదివి వినిపించే సదుపాయంతో తెలుగూ ఇంగ్లీషూ గబగబా వినేస్తుంది, ఆ వేగంలో నాకు ఒక్క ముక్క అర్థం కాదు. స్టాటిస్టిక్స్ పేపరు నేను చెప్పేవాణ్ణి. మిగతావాళ్ళకి చేతిరాత నోట్సు స్కాన్ చేసి గ్రూపులో పెట్టేవాణ్ణి. ఒకరోజు క్లాసయ్యాక ఆగి, "సార్, మీ నోట్సు నాకు ఒకే మాట చెప్తుంది. ఇమేజ్ అని" అంది. ఇరవై పేజీలు, ఇరవైసార్లు ఇమేజ్. అప్పుడు లేటెక్‌లో ఉన్న నా పాత నోట్సు గుర్తొచ్చి, దాని పీడీఎఫ్ కాకుండా అసలు ఫైలే పంపించాను. ఫోన్‌కి విరామచిహ్నాలన్నీ పలకమని చెప్పుకుని, 'ఫ్రాక్, లెఫ్ట్ బ్రేస్' అంటూ వినడం మొదలుపెట్టింది. రెండు వారాలకి అలవాటైంది. ప్రామాణిక విచలనం సూత్రాన్ని వర్గమూలం ఎక్కడిదాకా ఉందో సహా తప్పులేకుండా చెప్పింది. నెల తిరిగేసరికి, తొందరలో కంపైల్ చెయ్యకుండా పంపిన ఒక ఫైలు గురించి మెసేజ్ పెట్టింది: "సార్, రెండో సూత్రంలో ఒక ఫ్లవర్ బ్రాకెట్ మూయలేదు."

ఇది నేను కనిపెట్టిన ఉపాయం కాదు. ప్రపంచంలో చూపులేని గణితజ్ఞులు చాలామంది చేసేది ఇదే. టీ. వీ. రామన్ తాను చూపులేనివాడై ఉండి, పుణే, బొంబాయిల్లో చదివి, 1994లో కార్నెల్‌లో పిహెచ్‌డి చేశాడు. లేటెక్ ఫైలుని చదివి వినిపించే వ్యవస్థే ఆయన సిద్ధాంతవ్యాసం. ఘాతం వచ్చినప్పుడు గొంతు స్థాయి పెరుగుతుంది, పాదాంకం వస్తే తగ్గుతుంది. ఫైలులో 'ఇది ఘాతం' అని రాసి ఉంది కాబట్టి అది సాధ్యమైంది. 'చిన్న సైజు, కొంచెం పైకి' అని మాత్రమే రాసి ఉంటే అది ఘాతమో, ఫుట్‌నోట్ నంబరో, డిగ్రీ గుర్తో ఎవరు చెప్పాలి? 1991లో మొదలైన ఆర్కైవ్ భాండాగారం, టెక్‌లో రాసినవాళ్ళని పీడీఎఫ్‌తో సరిపెట్టుకోనివ్వకుండా మూలం ఫైలే ఇవ్వమంటుంది. ఆ పట్టుదల వల్లనే 2023 డిసెంబరు నుంచి కొత్త వ్యాసాలకి, చదివి వినిపించే యంత్రాలకి అనువైన వెబ్ రూపం కూడా ఇవ్వగలుగుతోంది. మూలం లేకపోతే ఏం ఇచ్చేవాళ్ళు? ఇమేజ్.

ఇక తెలుగు సంగతి. అసలు నా కోపమంతా ఇక్కడే.

యూనికోడ్‌కి ముందు నాటి ఫాంట్లతో మనం పాతికేళ్ళు పుస్తకాలు వేశాం. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు, సింబల్ ఫాంట్ చేసిన పనే మొత్తం భాషకి. వాటిలోంచి ఒక వాక్యం కాపీ చేస్తే పిచ్చి ఇంగ్లీషు వస్తుంది. సూత్రాలు వేరేచోట చేసి బొమ్మలుగా అతికించినవి. నాకు చదువు చెప్పిన ఒక మాస్టారు తెలుగులో రాసిన గణితం పుస్తకం అలాంటిదే. ఆయన పోయాక వాళ్ళబ్బాయి మళ్ళీ వేయిద్దామని నా దగ్గరికి ఒక సీడీ తెచ్చాడు. ఫైలు తెరుచుకోలేదు. ఇంకోచోట తెరిపిస్తే అక్షరాలు తెరుచుకోలేదు. సూత్రాల బొమ్మలు ఉండాల్సిన చోట అడ్డగీతలు కొట్టిన ఖాళీ డబ్బాలు. చివరికి నా దగ్గరున్న పాత ప్రతిని విప్పదీసి స్కాన్ చేయించి వేశారు, మాస్టారు మార్జిన్లో దిద్దుకున్న అచ్చుతప్పులతో సహా.

లేటెక్‌లో తెలుగు రాదనేవాళ్ళకి: 90లలోనే వచ్చింది. ఈ పత్రిక పాత పాఠకుల్లో చాలామంది తెలుగుని మొదట కొట్టింది రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో; ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగుని టెక్ ద్వారా అచ్చులోకి తెచ్చుకున్న రోజులవి. 2004లో జొనాథన్ క్యూ జీటెక్ తెచ్చాక ఆ తిప్పలు కూడా లేవు. యూనికోడ్ తెలుగుని నేరుగా రాసి, ఫాంట్ పేరు చెబితే చాలు. ఎవరు వాడుతున్నారు? మన పొడుగాటి మాటల్ని లైను చివర ఎక్కడ విరవాలో టెక్‌కి నేర్పిన ఫైలు ఒకటుంది. అది రాసింది సంతోష్ తొట్టింగల్, మలయాళీ. తన భాషకి చేసుకుంటూ పక్క భాషలకి కూడా చేసిపెట్టాడు. దణ్ణం పెట్టాలి. సిగ్గు కూడా పడాలి.

ఎందుకంటే తెలుగులో గణితాన్ని లేటెక్‌కి ఎక్కించాలంటే తెలుగువాడే తేల్చవలసిన ప్రశ్నలు ఉన్నాయి. డాలర్ గుర్తుల మధ్య 'అయితే' అని రాశారనుకోండి, పేజీలో అది మాయమైపోతుంది. గణితం ఫాంట్‌లో ఆ అక్షరం లేదని లాగ్ ఫైలులో ఒక మూల రాసి ఊరుకుంటుంది. ఇది చిన్న విషయం, ఒక ఆజ్ఞతో పోతుంది. ఇంకోటి చూడండి. సిద్ధాంతం వాక్యాన్ని ఇంగ్లీషులో వాలు అక్షరాల్లో వేస్తారు. తెలుగులో వాలు అక్షరాల సంప్రదాయమే లేదు, ఉన్న ఫాంట్లని బలవంతాన వంచితే వత్తులు పక్కింట్లోకి పోతాయి. మరి మన సిద్ధాంతం చుట్టుపక్కల మాటల్లోంచి ఎలా వేరుగా కనబడాలి? పక్కన గీతా? మార్జినా? ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు.

అన్నిటికంటే నాకు నచ్చిన చిక్కు విభక్తి. నంబర్లని లేటెక్ తనే వేస్తుందని చెప్పాను కదా. 'సమీకరణం 1ని సాధించగా' అని రాశాను. ముందు ఇంకో సమీకరణం చేరింది. ఇప్పుడది 'సమీకరణం 2ని' అయింది. ఒకటిని సరే, రెండుని అనాలా, రెండును అనాలా? పదికి వచ్చేసరికి మళ్ళీ పదిని. నంబరు మారితే దాని తోక మారాలి, ఆ తోక సంగతి లేటెక్‌కి తెలియదు. నేను ప్రస్తుతానికి '2వ సమీకరణాన్ని' అని రాసి తప్పించుకుంటున్నాను. హంగరీ వాళ్ళకి ఇలాంటి చిక్కే ఉంది: నంబరు అచ్చుతో మొదలైతే దాని ముందు ఒక రూపం, హల్లుతో మొదలైతే ఇంకో రూపం రావాలి. వాళ్ళు ఏడుస్తూ కూర్చోలేదు. నంబరుని చూసి సరైన రూపం వేసే ఆజ్ఞల్ని లేటెక్‌లో రాసిపెట్టుకున్నారు. ఆ దేశం జనాభా కోటి లోపు. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు ఎనిమిది కోట్ల పైచిలుకు. ఈ లెక్కకి లేటెక్ అక్కర్లేదు.

"ఇప్పుడు డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే కదా, తెలుగు గణితం ఎవరిక్కావాలి?" అంటారు. పాఠం ఇంగ్లీషులో రాసి, తెలుగులో వివరించి, మళ్ళీ ఇంగ్లీషులో పరీక్ష పెడుతున్న ఏ లెక్చరర్నైనా అడగండి, ఎవరిక్కావాలో చెబుతారు. "వర్డ్‌లో కూడా ఈక్వేషన్లు బాగానే వస్తాయి" అంటారు. వస్తాయి. ఆ ఈక్వేషన్ పెట్టెలో ఇప్పుడు లేటెక్ ఆజ్ఞలే రాయొచ్చు. వికీపీడియాలో సూత్రం రాయాలన్నా ఆ భాషే. అందుకే ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కొనమనో, ఎక్కించుకోమనో నేను అనడం లేదు. ఆ భాష నేర్చుకోమంటున్నాను. "ఫొటో తీసి ఇస్తే ఏఐ లేటెక్ రాసిచ్చేస్తుంది" అన్నది తాజా మాట. రాసిస్తుంది, చాలాసార్లు సరిగ్గానే. సరిగ్గా లేనప్పుడు? నా థీసిస్ ఆపరేటర్ కనీసం 'ఉల్టా మూడా' అని అడిగేవాడు. ఇది అడగదు. అది రాసినదాన్ని చదివి పట్టుకోవాలంటే మీకు ఆ భాష వచ్చి ఉండాలి.

నేర్పడంలో కూడా మన పద్ధతి చూడండి. రీసెర్చ్ విద్యార్థులకి రెండు రోజుల వర్క్‌షాపు. సర్టిఫికెట్టు ఉంటుంది, మధ్యాహ్నం భోజనం ఉంటుంది. ఒక టెంప్లేట్ చేతిలో పెట్టి, ఇక్కడ మీ పేరు, ఇక్కడ మీ గైడు పేరు, ఇక్కడ అబ్‌స్ట్రాక్ట్ అని నింపిస్తారు. మొదటి ఎర్రర్ రాగానే పిల్లలు ఆ టెంప్లేట్ పట్టుకుని జిరాక్స్ సెంటర్‌కే వెళుతున్నారు, ఇప్పుడు అక్కడ 'లేటెక్ పేజీ'కి వేరే రేటు బోర్డు ఉంది. నేను మా పిల్లలకి టెంప్లేట్ ఇవ్వను. ఖాళీ ఫైలు ఇచ్చి, వర్గ సమీకరణం మూలాల సూత్రం తెలుగు వాక్యంతో సహా రాయమంటాను. ఫోన్లోనే, బ్రౌజర్‌లోనే. మొదటి గంటంతా ఎర్రర్లే. ఎర్రర్‌ని చదివి తెలుగులో చెప్పమంటాను. 'డాలర్ ఒకటి తప్పిపోయింది సార్' అన్నవాడు రెండో గంటకి దారిలో పడతాడు.

ఈ ఏడాది ప్రశ్నపత్రం పెట్టమని నాకు ఒక యూనివర్సిటీ నుంచి వచ్చింది. ఇంగ్లీషు, తెలుగు రెండూ పక్కపక్కనే పడేలా లేటెక్‌లో చేసి, పీడీఎఫ్‌తోపాటు మూలం కూడా సీల్ చేసి పంపించాను. వారం తర్వాత ఫోన్. "సార్, మాకు ఎడిట్ చేసుకోడానికి వర్డ్‌లో కావాలి, లేకపోతే చేత్తో రాసి పంపండి, మా ఆపరేటర్ కొట్టుకుంటాడు." ఏం ఎడిట్ చేస్తారని అడిగాను. మార్కులు కుడివైపు బ్రాకెట్లో ఉండాలట. ఆ రాత్రే మార్కుల్ని కుడివైపుకి, బ్రాకెట్లోకి మార్చి, పది నిమిషాల పని, మళ్ళీ పీడీఎఫ్‌నే పంపించాను. ఇంకా జవాబు రాలేదు.